మొదటి కారు కొనే ముందు ఒక నెల మీ కిలోమీటర్లు రాసుకోండి

మీ వయసు 23, కొత్త ఉద్యోగం, ఇదే మొదటి కారు, పది లక్షల లోపు బడ్జెట్, పొగ తక్కువ వదిలే బండి కావాలి అన్నారు. పెట్రోలు, సీఎన్‌జీ, హైబ్రిడ్, ఎలక్ట్రిక్‌లలో ఏది నయమని అడిగారు. 2024 డిసెంబర్‌లో నేనూ సరిగ్గా ఇక్కడే ఆగిపోయాను. అప్పుడు నాకు 25. చివరికి 24 కిలోవాట్ అవర్ (అంటే 24 యూనిట్ల కరెంటు పట్టే) బ్యాటరీ ఉన్న టియాగో ఈవీ అనే చిన్న ఎలక్ట్రిక్ కారు తీసుకున్నాను. మీరూ అదే కొనాలని చెప్పను. ఎలా తేల్చుకున్నానో చెప్తాను, మీ లెక్క మీరు వేసుకోండి.

మా ఇల్లు హైదరాబాద్ వనస్థలిపురం, ఆఫీసు పోచారం. మెట్రో నాగోలు, ఉప్పల్ దాటి అటు రాదు. నాలుగేళ్లు స్కూటీ మీదే తిరిగాను. ఉప్పల్ నుంచి నారపల్లి వరకు ఫ్లైఓవర్ పనుల దుమ్ము, దాని మీద లారీల పొగ. ఇంటికొచ్చి మొహం కడుక్కుంటే నీళ్లు నల్లగా వచ్చేవి. మా తమ్ముడికి చిన్నప్పటి నుంచి ఉబ్బసం, చలికాలం వస్తే ఇన్‌హేలర్ జేబులోనే ఉంటుంది. ఆ రోడ్డు మీదికి ఇంకో పొగగొట్టాన్ని నేను తీసుకెళ్లకూడదని గట్టిగా అనుకున్నాను. మీ ఆఫీసు మెట్రో దారిలోనే ఉంటే మాత్రం కారు ఆలోచన ఇంకో ఏడాది వాయిదా వేయండి. ఏ కారూ మెట్రో కంటే శుభ్రం కాదు.

షోరూముకి వెళ్లే ముందు నేను చేసిన మంచి పని ఒకటుంది. నెల రోజులు ఒక చిన్న నోటుపుస్తకంలో రోజూ తిరిగిన దూరం రాశాను. ఆఫీసుకి రానూపోనూ 50, ఆదివారం మార్కెట్, అమ్మమ్మ ఇల్లు, అప్పుడప్పుడు దిల్‌సుఖ్‌నగర్. అన్నీ కలిపితే నెలకి 1,300 కిలోమీటర్లు. ఒక్క రోజులో 90 దాటింది రెండుసార్లే. షోరూములో ఏమో 400 కిలోమీటర్ల రేంజ్ (ఒక్కసారి ఛార్జ్ చేస్తే నడిచే దూరం) లేకపోతే ఇబ్బంది పడతారని పెద్ద బ్యాటరీ బండే చూపించారు. ఆ నోటుపుస్తకం లేకపోతే నేనూ భయపడి అదే కొనేదాన్ని.

పర్యావరణం కోసం కొంటున్నామంటే బ్యాటరీ సైజు దగ్గరే అసలు సంగతి ఉంది. ఒక్కో కిలోవాట్ అవర్ బ్యాటరీ తయారయ్యేసరికి సుమారు 60 నుంచి 100 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుందని అంచనా. అంటే నా కారు రోడ్డెక్కక ముందే, పెట్రోలు కారుతో పోలిస్తే, ఒకటిన్నర నుంచి రెండున్నర టన్నులు అప్పుపడింది. బ్యాటరీ రెట్టింపైతే అప్పూ రెట్టింపే. రోజూ 50 కిలోమీటర్లు తిరగడానికి 400 కిలోమీటర్ల బ్యాటరీని మోసుకెళ్లడం దండగ.

ఆ అప్పు తీరుతుందా అనే మా ఇంట్లో పెద్ద వాదన జరిగింది. "ఆ కరెంటూ కొత్తగూడెంలో బొగ్గు కాల్చి తీసిందే కదమ్మా, పొగ ఇక్కడ కాకపోతే అక్కడ" అన్నారు నాన్న. ఆయన అన్నదాంట్లో నిజం ఉంది, అందుకే కాగితం తీసుకుని ఆయన పక్కనే కూర్చున్నాను. మన దేశపు గ్రిడ్‌లో, అంటే అందరికీ కరెంటు పంచే లైన్లలో, ఒక యూనిట్ కరెంటుకి సగటున 0.7 కిలోలకు కాస్త పైగా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతోంది. లీటరు పెట్రోలు కాలిస్తే 2.3 కిలోలు. నా కారు గోడ ప్లగ్గు నుంచి తీసుకునే ఒక్కో యూనిట్‌కి ఏడు కిలోమీటర్లకు కొద్దిగా ఎక్కువే నడుస్తుంది కాబట్టి నెలకి 180 యూనిట్లు, అంటే 130 కిలోలు. ఊళ్లో లీటరుకి 15 ఇచ్చే పెట్రోలు కారైతే 87 లీటర్లు, అంటే 200 కిలోలు. నెలకి 70 కిలోలు తగ్గుతాయి, ఏడాదికి 840. ఈ లెక్కన బ్యాటరీ అప్పు రెండు మూడేళ్లలో తీరిపోతుంది, ఆ తర్వాతదంతా మిగులే. గ్రిడ్‌లోకి సోలారు, గాలి కరెంటు పెరిగేకొద్దీ అదే కారు ఏటేటా ఇంకా శుభ్రమవుతుంది. పెట్రోలు కారుకి ఆ అవకాశం లేదు. నాన్న కాగితం రెండుసార్లు చూసి "సరే" అన్నారు. మీది సొంత ఇల్లై డాబా ఖాళీగా ఉంటే 3 కిలోవాట్ల సోలారు పెట్టించండి. పీఎం సూర్యఘర్ పథకంలో దానికి 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. ఎండ బాగున్న రోజు 12 యూనిట్ల దాకా వస్తాయి, మీ కారుకి అది చాలా ఎక్కువ.

సీఎన్‌జీని తీసిపారేయకండి. కిలో గ్యాస్ కాలిస్తే 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. చిన్న కారు కిలోకి 25 కిలోమీటర్లు ఇస్తే, కిలోమీటరుకి 108 గ్రాములు. గ్రిడ్ కరెంటుతో నడిచే నా కారు లెక్క కిలోమీటరుకి 100 గ్రాములు. చూశారా, తేడా ఎంత తక్కువో! కాకపోతే పైపుల్లో, బంకుల్లో కాలకుండా లీకయ్యే గ్యాసు వాతావరణాన్ని ఇంకా ఎక్కువ వేడెక్కిస్తుంది, పొగగొట్టం కూడా మన వీధిలోనే ఉంటుంది. ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకునే దారి ఏమాత్రం లేనివాళ్లకి సీఎన్‌జీ మంచి ఎంపికే. హైబ్రిడ్‌లో గ్రాండ్ విటారా, హైరైడర్ లాంటి స్ట్రాంగ్ హైబ్రిడ్‌లు (ఇంజనుతో పాటు, కొంతదూరం బ్యాటరీ మోటారుతోనే నడవగలిగేవి) నిజంగానే పెట్రోలు ఆదా చేస్తాయి కానీ మీ బడ్జెట్‌కి అందవు. మైల్డ్ హైబ్రిడ్ అన్న మాట చూసి మోసపోకండి, అది ఒట్టి బ్యాటరీతో నడవదు.

ఇక ఛార్జింగ్. నాకు అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టింది ఇక్కడే. మాది అపార్ట్‌మెంటు. సెల్లార్‌లో నా పార్కింగ్ దగ్గర ప్లగ్గు పెట్టుకుంటానంటే అసోసియేషన్‌లో సగం మంది వద్దన్నారు. నిప్పంటుకుంటుందని ఒకరు, కామన్ కరెంటు వాడేస్తానని ఇంకొకరు. రెండు మీటింగులు అయ్యాయి. మూడోదానికి ఎలక్ట్రీషియన్ అన్నను వెంటబెట్టుకుని వెళ్లాను. మీటర్లన్నీ సెల్లార్‌లోనే ఉన్నాయి కాబట్టి మా ఫ్లాటు మీటరు నుంచే పైపులో వైరు లాగి, విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే కరెంటు ఆపేసే స్విచ్చు) పెట్టి, మంచి ఎర్తింగ్‌తో 15 ఆంప్స్ సాకెట్ బిగిస్తామని ఆయనే అందరికీ చూపించి చెప్పాడు. "అంకుల్, ప్రతి యూనిట్ మా బిల్లులోనే పడుతుంది" అని సెక్రటరీ అంకుల్‌కి రాసిచ్చాను. అప్పుడు ఒప్పుకున్నారు. ఇప్పుడు అదే సెల్లార్‌లో ఇంకో ఇద్దరు ప్లగ్గులు పెట్టించుకున్నారు. ముందు వద్దన్న ఆంటీ కొడుకు వాళ్లలో ఒకడు, అది తలుచుకుంటే నాకు చాలా సంతోషం.

మీరు కూడా లోడు సంగతి మరిచిపోకండి. ఈ ఛార్జర్ మూడు కిలోవాట్ల పైచిలుకు లాగుతుంది, కాబట్టి ఇంటి శాంక్షన్డ్ లోడు (మీ మీటరుకి ఒకేసారి వాడుకోమని అనుమతించిన కరెంటు) పెంచమని ముందే దరఖాస్తు పెట్టాలి. శ్లాబు కూడా మారుతుంది. మాకు నెల బిల్లు దాదాపు 1,600 పెరిగింది. అప్పటి ధర లీటరు 107 రూపాయల చొప్పున పెట్రోలుకైతే తొమ్మిది వేలు దాటేది.

దూర ప్రయాణం గురించి నిజం చెప్పాలి. ఈ కారు విడుదలైనప్పుడు కంపెనీ చెప్పిన రేంజ్ 315. నాకు ఊళ్లో 190 వస్తుంది, మే నెలలో ఏసీతో 175. మొదటిసారి నలుగురం కోదాడ దగ్గర మా ఊరికి బయల్దేరాం. సూర్యాపేట చేరేసరికి బ్యాటరీలో 28 శాతం ఉంది. యాప్‌లో పనిచేస్తోందని చూపించిన ఛార్జర్ అక్కడ చచ్చిపడి ఉంది. అమ్మ నోరు విప్పలేదు, కానీ కళ్లు మీటరు మీదే. ఏసీ ఆపేసి 50 వేగంతో వెళ్లి ముందున్న ఒక హోటల్లో ఛార్జింగ్ పెట్టాం, గంట పట్టింది. అప్పటి నుంచి 40 శాతం ఉండగానే ఆగుతున్నాను, ఆ ఉదయం అక్కడ ఎవరైనా ఛార్జ్ చేశారా అని యాప్‌లో చూసుకునే బయల్దేరుతున్నాను. మీ ఇంట్లో పాత పెట్రోలు కారు ఉంటే అమ్మకండి, ఏడాదికి నాలుగు ఊరి ప్రయాణాలకు అది చాలు. అప్పుడు మీ కొత్త కారు బ్యాటరీ ఇంకా చిన్నదైనా సరిపోతుంది. ఎంజీ కామెట్ అనే చిన్న ఎలక్ట్రిక్ కారుది సుమారు 17 కిలోవాట్ అవరే.

కొత్తగా నడిపేవాళ్లకి ఇంకో మాట. ఈ బళ్లు యాక్సిలరేటర్ మీద కాలు పెట్టగానే దూకుతాయి, స్పోర్ట్ మోడ్ మొదటి మూడు నెలలు ముట్టుకోకండి. నెమ్మదిగా వెళ్లేటప్పుడు చప్పుడు చేయవు కాబట్టి కాలనీ సందుల్లో ఆడుకునే పిల్లలకి మీరు వస్తున్నట్టు తెలియదు. నేను ప్రతి మలుపు దగ్గరా అద్దం దించి, దాదాపు ఆగి వెళ్తాను. బడ్జెట్ కాస్త సాగితే పంచ్ ఈవీ చూడండి. భారత్ ఎన్‌క్యాప్ అనే ప్రమాద భద్రత పరీక్షలో దానికి అయిదు స్టార్లు వచ్చాయి, ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని మోడళ్లలోనూ ఉన్నాయి.

మీరు తెలంగాణలో ఉంటే ఎలక్ట్రిక్ కార్లకి లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు 2026 డిసెంబర్ 31 దాకా ఉంది, నాకు లక్షకు పైగా మిగిలింది. ఆంధ్రలో నియమాలు వేరు, ఆర్టీఏ ఆఫీసులో అడగండి. ఆఫర్ ఈ రోజుతో అయిపోతుందని ఎవరు చెప్పినా, పార్కింగ్‌లో ప్లగ్గుకి అసోసియేషన్ సంతకం చేతికొచ్చేదాకా అడ్వాన్సు కట్టకండి.