రోడ్ సైకిల్‌కు ముందు రెండు చైన్‌రింగులు (పెడళ్ల దగ్గరి పళ్ల చక్రాలు) చాలా, మూడు కావాలా?

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు రోడ్లకు రెండు చాలు, వెనక క్యాసెట్‌లో (వెనక చక్రానికుండే పళ్ల చక్రాల సెట్) పెద్ద చక్రానికి 32 లేదా 34 పళ్లుంటే.

ఎత్తు ఎక్కేటప్పుడు కాళ్లకు తెలిసేది రింగుల లెక్క కాదు. ముందు పళ్లను వెనక పళ్లతో భాగిస్తే వచ్చే నిష్పత్తి ఎంత తగ్గితే తొక్కడం అంత తేలిక. మూడు రింగుల సైకిల్‌కు, అంటే ట్రిపుల్‌కు, మామూలుగా 50, 39, 30 పళ్లు ఉంటాయి. వెనక 28 ఉంటే కనిష్ఠ నిష్పత్తి 1.07. రెండు రింగుల్లో ఒక రకమైన కాంపాక్ట్ డబుల్‌కు 50, 34. వెనక 34 వేస్తే సరిగ్గా 1, అంటే ట్రిపుల్ కంటే ఇదే తేలిక.

శ్రీశైలం డ్యామ్ దగ్గరి నుంచి ఈగలపెంట వైపు ఘాట్ ఎక్కుతున్నారనుకోండి. నిమిషానికి 60 సార్లు పెడల్ తిప్పితే ఆ 34/34 గేర్‌లో (ముందు 34, వెనక 34 పళ్లు) గంటకు ఏడున్నర కిలోమీటర్లు పోతారు. అదే పాతకాలం రేసింగ్ డబుల్ 39/25తో అయితే దాదాపు 12 పోవాలి, లేదంటే పెడల్ మొరాయిస్తుంది. మోకాళ్లు పట్టేసేది అక్కడే.

మూడు రింగులుంటే (వెనక పది చక్రాలతో) 30 గేర్లు, కాబట్టి స్పీడ్ ఎక్కువ అనుకోవడం పొరపాటు. రెండింట్లోనూ టాప్ గేర్ 50/11 అయితే తేడా ఏముంది? పైగా ట్రిపుల్‌లో చాలా గేర్లు ఒకటే: 50/25 అన్నా, 30/15 అన్నా 2 యే.

బ్యాగులు కట్టుకుని దూరాలు పోయేవాళ్లకు మాత్రం ట్రిపుల్ నిజంగానే పనికొస్తుంది. ఇక 34 పళ్ల క్యాసెట్ కొనేముందు మీ వెనక డిరైలర్ (చైన్‌ను ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి మార్చే భాగం) దానికి సరిపోతుందో లేదో మెకానిక్‌ని అడగండి, చైన్ కూడా పొడవుది కావాల్సి రావచ్చు.