బైబిల్ తెరవాలంటేనే గిల్టీగా ఉంటోంది

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. ఉద్యోగం చేస్తాను, ఇద్దరు పిల్లలు. పెళ్లికి ముందు యూత్ మీటింగులకు వెళ్లేదాన్ని, రోజూ బైబిల్ చదివేదాన్ని. ఇప్పుడు చదవడం దాదాపు ఆగిపోయింది. ప్రతి జనవరిలో ఏడాదిలో బైబిల్ పూర్తి చేయాలని మొదలుపెడతాను, మూడో పుస్తకం లేవీయకాండము దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతాను. పనులు చేసుకుంటూ ఫోన్‌లో ప్రసంగాలు వింటాను, పొద్దున్నే ఒక వాగ్దాన వచనం స్టేటస్‌లో పెడతాను, అంతే. మనసు ఎండిపోయినట్టుంది, రాత్రిళ్లు నిద్ర కూడా సరిగ్గా పట్టడం లేదు. మొన్న బాబుకు జ్వరం వస్తే మా అత్తగారు "నువ్వు వాక్యం వదిలేశావు, అందుకే దేవుడు ఇలా చేస్తున్నాడు" అన్నారు. ఆవిడకు చూపు తగ్గి బైబిల్లో అక్షరాలు కనబడవు, ప్రార్థన మాత్రం మానరు. నా భర్త ఆదివారం చర్చికి వస్తారు గానీ ఇంట్లో ఆ విషయాలు మాట్లాడరు. ఒకరోజు నేను పట్టుబట్టి పొద్దున్నే చదువుతుంటే, "ఇప్పుడు అరగంట బైబిలు, తర్వాత గంటసేపు మా మీద అరుపులు" అన్నారు. ఏడ్చేశాను. అప్పటినుంచి బైబిల్ ముట్టుకోవాలంటేనే టెన్షన్. అర్హత లేదనిపించి పిల్లలకు చెప్పే సండే స్కూల్ క్లాసు కూడా మానేశాను, మళ్లీ రమ్మని అడుగుతున్నారు. దేవుడు నా మీద కోపంగా ఉన్నాడా? మళ్లీ ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: ముందు బాబు జ్వరం గురించి మాట్లాడాలి. మీ ఉత్తరంలో మిమ్మల్ని ఎక్కువగా గుచ్చుతున్నది ఆ మాటే అనిపించింది.

పుట్టుకతోనే చూపు లేని మనిషిని చూసి శిష్యులు యేసును అడిగింది కూడా ఇలాంటి ప్రశ్నే: పాపం చేసింది ఇతనా, ఇతని తల్లిదండ్రులా? ఇద్దరూ కాదన్నాడు ఆయన. యోహాను సువార్త 9వ అధ్యాయం చదవండి. యోబు స్నేహితులు కూడా ఆయన కష్టానికి కారణం ఆయన పాపమేనని అధ్యాయాల తరబడి వాదించారు. చివరికి దేవుడు కోప్పడింది యోబు మీద కాదు, తన గురించి సరిగా మాట్లాడని ఆ స్నేహితుల మీద. తల్లి బైబిల్ చదవలేదని దేవుడు బిడ్డకు జ్వరం పంపిస్తాడని నమ్మడానికి లేఖనంలో ఆధారం లేదు. ఈ సంగతి మీ అత్తగారితో వాదించి గెలవాల్సిన అవసరం లేదు. మీరు మాత్రం నమ్మండి. పిల్లాడికి మందు వేయండి, పక్కన కూర్చుని ప్రార్థన చేయండి, ఆ భయాన్ని అక్కడితో వదిలేయండి.

ఇక చదవడం సంగతి. మీరు దీన్ని మీ బద్ధకం అనుకుంటున్నారు. నాకు అలా అనిపించడం లేదు. బద్ధకస్తులు ప్రతి జనవరిలో మళ్లీ మొదలుపెట్టరు. చదవాలని మీకు చాలామంది చెప్పి ఉంటారు. ఎలా చదవాలో పక్కన కూర్చుని నేర్పినవాళ్లు లేరని నా అనుమానం. 66 పుస్తకాలు, 1189 అధ్యాయాలు ఏడాదిలో పూర్తి కావాలంటే రోజుకు మూడు నాలుగు అధ్యాయాలు చదవాలి. పిల్లలకు ఒంట్లో బాగాలేక రెండు రోజులు తప్పితే, మూడో రోజుకు పదో పన్నెండో బాకీ పడతాయి. అప్పటినుంచి చేతిలో ఉన్నది వాక్యంలా అనిపించదు, తీర్చాల్సిన లెక్కలా అనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే లేవీయకాండములో బలుల వివరాలు ఎదురవుతాయి. ఎవరు బలి తెస్తున్నారు, ఎందుకు తెస్తున్నారు అని ఆగి ఆలోచించే తీరిక ఉండదు. ఆ పద్ధతి చెడ్డదని నేను అనను, కొందరికి బాగా కుదురుతుంది. మీకు ఇప్పుడు కుదరదు, కాబట్టి పక్కన పెట్టేయండి. అయితే లేవీయకాండము మీద కోపం పెట్టుకోకండి. యేసు రెండో గొప్ప ఆజ్ఞగా చెప్పిన "నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను" అన్న మాట ఉన్నది ఆ పుస్తకంలోనే, 19వ అధ్యాయంలో.

మీరు ఎండిపోవడానికి అసలు కారణం నాకు స్టేటస్ వాగ్దానాల దగ్గర కనిపించింది. రోజూ వాక్యం మీ కళ్ల ముందు ఉంటోంది, కానీ ఒక్కొక్క వచనంగా, ముందూ వెనకా లేకుండా. ఒక ఉదాహరణ తీసుకుందాం. యిర్మీయా 29:11 మీరు ఎన్నోసార్లు పెట్టే ఉంటారు: మీ గురించి నా ఉద్దేశాలు మేలుకే గానీ కీడుకు కావు, మీకు నిరీక్షణ ఉంటుంది అని దేవుడు చెప్పే మాట. ఈ సంవత్సరం నా ఉద్యోగం, నా ఇల్లు, నా పిల్లల చదువు అన్నీ బాగుంటాయని దానికి అర్థం చెప్పుకుంటాం. కుదరకపోతే లోలోపల దేవుడి మీద అలుగుతాం, పైకి చెప్పుకోం.

ఇప్పుడు ఆ అధ్యాయం మొదటినుంచి చదవండి. అది ఒక ఉత్తరం. బబులోను రాజు నెబుకద్నెజరు చెరపట్టి తన దేశానికి తీసుకుపోయిన వాళ్లకు యెరూషలేము నుంచి యిర్మీయా రాసింది. అంతకు ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అందరూ తిరిగొస్తారని దేవుడి పేరున చెప్పాడు. జనానికి ఆ మాట ఎంత తియ్యగా ఉండి ఉంటుందో ఆలోచించండి. అది అబద్ధమని యిర్మీయా చెప్పాల్సి వచ్చింది. ఆయన ఉత్తరంలో పదో వచనం డెబ్బై ఏళ్లు అంటుంది. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగి వెళ్లడం చూడరు. మరి అంతవరకు ఏం చేయాలి? ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పెళ్లిళ్లు చేసుకోండి, పిల్లల్ని కనండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి అన్నాడు. పదకొండో వచనం వచ్చేది ఆ తర్వాతే. ఇలా చదివితే ఆ వాగ్దానం విలువ తగ్గలేదు, ఇంకా బలపడింది. అనుకున్నది ఇంకా జరగని చోట, ఇష్టం లేని చోట కూడా దేవుడు నన్ను మరచిపోలేదని అది చెబుతోంది. మీ ఇప్పటి పరిస్థితికి కావలసింది ఈ అర్థమే కదా!

ఒంటరి వచనంతో ప్రమాదం కూడా ఉంది. అరణ్యంలో యేసును శోధించినప్పుడు సాతాను కూడా 91వ కీర్తనలోని మాటే ఎత్తి చూపించాడు. యేసు మరో లేఖనం చెప్పి దాన్ని తిప్పికొట్టాడు. ఆ శోధనలో ఆయన చెప్పిన మూడు జవాబులూ ద్వితీయోపదేశకాండములోవే. లేఖనాన్ని లేఖనంతో పోల్చి చూడడం ఆయన దగ్గరే నేర్చుకోవాలి.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? ఈ వారం 13వ కీర్తన ఒక్కటే చదవండి. ఆరు వచనాలే. రోజూ అదే చదవండి. దావీదు మొదటి రెండు వచనాల్లోనే "ఇంకా ఎంతకాలం" అని మళ్లీ మళ్లీ అడుగుతాడు. నన్ను మరచిపోయావా, నాకు ముఖం చాటేశావా అని దేవుడితోనే అంటాడు. "దేవుడు నా మీద కోపంగా ఉన్నాడా" అని మీరు నన్ను అడిగారు గానీ ఆయన్నే అడగలేదు. ఆ కీర్తన చదివితే అడగవచ్చని తెలుస్తుంది. చివరికి వచ్చేసరికి అదే మనిషి నీ కృపను నమ్ముకున్నాను, పాట పాడతాను అంటాడు. మధ్యలో శత్రువు పోయాడని గానీ, సమస్య తీరిందని గానీ ఒక్క మాట లేదు. ఏం మారింది? ఆ ప్రశ్న మనసులో పెట్టుకుని పనుల్లో తిరగండి. జవాబు ఇక్కడ నేను రాసేస్తే అది మళ్లీ నా ప్రసంగం వినడమే అవుతుంది.

తర్వాతి వారం మార్కు సువార్త. పదహారు అధ్యాయాలే. ఒక సెలవు రోజున వీలైతే ఒకే విడతలో మొత్తం చదవండి, రెండు గంటలు కూడా పట్టదు. ఆ తర్వాత రోజుకు ఒక సంఘటన చాలు. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు, దీనికి ముందు ఏం జరిగింది, ఇందులో యేసు ఎలాంటివాడిగా కనిపిస్తున్నాడు, ఈ రోజు నేను చేయాల్సింది ఏదైనా ఉందా అని అడుగుతూ ఒక నోట్‌బుక్‌లో రెండు మూడు వాక్యాలు రాయండి. అర్థం కానిది అర్థం కాలేదని రాయండి, సిగ్గుపడకండి. యెషయా గ్రంథం చదువుతున్న ఐతియొపీయుణ్ణి ఫిలిప్పు అర్థమవుతోందా అని అడిగితే, ఎవరైనా చెప్పకపోతే ఎలా అర్థమవుతుంది అన్నాడు. రాణి దగ్గర పెద్ద అధికారి అయ్యుండి ఆ మాట అనగలిగాడు కాబట్టే ఫిలిప్పును రథమెక్కించుకుని నేర్చుకోగలిగాడు. మీ నోట్‌బుక్‌లోని ప్రశ్నలు మీ పాస్టరుగారినో, వాక్యం బాగా తెలిసిన ఒక పెద్దావిడనో అడగండి. వారానికి ఒక్కసారి మరో ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి చదవగలిగితే ఇంకా మంచిది.

ప్రసంగాలు మానమని కాదు. బెరయ పట్టణంవాళ్లు సాక్షాత్తు అపొస్తలుడైన పౌలు చెప్పినదాన్నే రోజూ లేఖనాల్లో పరిశోధించి చూశారు, బైబిల్ వాళ్లను మెచ్చుకుంది. మీరు విన్న ప్రసంగంలోని వాక్యభాగాన్ని ఆ సాయంత్రమే సొంతంగా తెరిచి చూడండి.

ఇప్పుడు మీ భర్త అన్న మాట. అది మిమ్మల్ని నొప్పించేలా అన్నారు, అలా అనకుండా ఉండాల్సింది. అయినా ఆ మాటలో నాకు ఒక ఆశ కనబడింది. బైబిల్ చదివే మనిషి అందరిలా ఉండకూడదని ఆయన అనుకుంటున్నారు. అంటే ఆయన గమనిస్తున్నారు. వాక్యానికి లోబడని భర్తలను మాటల్లేకుండానే, నడవడితో రాబట్టుకోవచ్చని పేతురు భార్యలకు రాశాడు. కాబట్టి ఆయన ముందు వచనాలు చెప్పకండి. అలాగని అరుపులన్నీ మీ ఆత్మీయ లోపమేనని కూడా నేను అనుకోను. పొద్దున పనులు ఇంట్లో ఎవరెవరు చేస్తున్నారో మీరు రాయలేదు. ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, పెద్దావిడ, ఇవన్నీ ఒక్కరి మీదే ఉంటే ఎవరికైనా గొంతు పెరుగుతుంది. ఆయన ప్రశాంతంగా ఉన్న సమయం చూసి చెప్పండి: "మీరు ఆ రోజు అన్న మాట నన్ను బాధపెట్టింది, కానీ అందులో నిజం కూడా ఉంది. పొద్దున పిల్లల్ని తయారుచేయడం మీరు చూసుకుంటే నాకు కంగారు తగ్గుతుంది." పొద్దున కుదరకపోతే మధ్యాహ్నం విరామంలో చదవండి, పిల్లలు పడుకున్నాక చదవండి. తెల్లవారుజామునే చదవాలన్న ఆజ్ఞ ఏదీ లేదు. అరిచిన రోజున మాత్రం పడుకునేలోపు పిల్లల దగ్గరికి వెళ్లి సారీ చెప్పండి. ఆ రోజు మీరు చదివిన వాక్యం ఇంట్లో కనిపించేది అక్కడే.

నిద్ర పట్టడం లేదని ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. నేను వదలలేను. రెండు వారాలకు మించి నిద్ర లేకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం, ఊరికే ఏడుపు రావడం ఉంటే డాక్టరుకు చూపించుకోండి. అది విశ్వాసం తక్కువ కావడం కాదు. చనిపోతే బాగుండు అన్న ఏలీయాకు దేవుడు మొదట ఇచ్చింది నిద్ర, రొట్టె, నీళ్లు. తిని మళ్లీ పడుకోనిచ్చాడు. ఆయనతో మాట్లాడింది ఆ తర్వాతే.

మీ అత్తగారికి అక్షరాలు కనబడవన్నారు కదా. ఆవిడ మిమ్మల్ని వాక్యం వదిలేశావు అంటున్నప్పుడు, తను చదువుకోలేకపోతున్నానన్న దిగులు కూడా అందులో ఉందేమో. రాత్రి పది నిమిషాలు ఆవిడ పక్కన కూర్చుని, "అత్తయ్యా, మీకు బాగా కష్టం వచ్చినప్పుడు ఏ భాగం చదువుకునేవారు?" అని అడిగి అదే బిగ్గరగా చదివి వినిపించండి. ఆవిడ చెప్పేది వినండి. తన శిష్యుడు తిమోతికి వాక్యం చిన్నప్పటి నుంచే తెలుసంటాడు పౌలు, ఆ విశ్వాసం మొదట అమ్మమ్మ లోయిలో, తర్వాత తల్లి యునీకేలో ఉందని కూడా రాస్తాడు. మీ పిల్లలు పక్క గదిలో ఆడుకుంటూ ఉన్నా వాళ్ల చెవిన పడుతుంది. నాకు తెలిసి అత్తాకోడళ్ల మధ్య ఇలాంటి మాటలు కరిగేది వాదనలతో కాదు, కలిసి చేసే పనితో.

సండే స్కూల్‌కు ఇప్పుడే ఒప్పుకోకండి. అర్హత లేదని కాదు, అర్హత లెక్క వేసుకుంటే ఎవరూ నేర్పలేరు. ఇంకొకరికి చెప్పడానికి కాకుండా, కేవలం మీ కోసం చదివే కొంత కాలం మీకు కావాలి. అడిగినవారితో దాచకుండా చెప్పండి: "మార్కు సువార్త నెమ్మదిగా చదువుకుంటున్నాను, అది పూర్తయ్యాక వస్తాను." పూర్తయ్యాక వెళ్లండి. మొదటి పాఠంగా ఆ నోట్‌బుక్‌లో మీకు జవాబు దొరికిన ఒక ప్రశ్ననే పిల్లల ముందు పెట్టండి.