కేబుల్ తీసేసి ఇంటర్నెట్‌లోనే టీవీ చూడవచ్చా? మా ఇంటి అనుభవం

కేబుల్ తీసేసి ఇంటర్నెట్‌లోనే టీవీ చూడవచ్చా అని అడుగుతూ మీరు మూడు విషయాలు చెప్పారు: నెలకు నాలుగు వందలకు దగ్గరగా వస్తున్న కేబుల్ బిల్లు, ఇంట్లో ఇప్పటికే ఉన్న ఫైబర్ ఇంటర్నెట్, రాత్రి ఏడు నుంచి పది దాకా సీరియళ్లు చూసే మీ అమ్మగారు. మొదటి రెండింటినీ బట్టి చూస్తే కేబుల్ నిశ్చింతగా తీసేయవచ్చు. కానీ మూడో విషయం దగ్గరే నేను పొరపాటు చేశాను కనుక, దాని గురించి కొంచెం వివరంగా రాస్తాను.

మాది రాజమహేంద్రవరం. 2020లో మా అమ్మాయి కాలేజీ పాఠాలు ఇంట్లోంచే వినవలసి రావడంతో ఫైబర్ పెట్టించాము. 2023 వేసవిలో కేబుల్ తీసేశాము. ఇంట్లో నేను, నా భార్య, అమ్మాయి, డెబ్బై దాటిన మా అమ్మ ఉంటాము.

ముందు డబ్బు లెక్క. 2019 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, కావలసిన పే ఛానళ్లకే డబ్బు కట్టే కొత్త పద్ధతి అమల్లోకి తెచ్చినప్పుడు, కనెక్షన్‌కు నెలనెలా కట్టే నెట్‌వర్క్ రుసుము 130 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి 153 రూపాయల 40 పైసలు అయ్యేది. మనం ఎంచుకున్న పే ఛానళ్ల ధర దానికి అదనం. అన్నీ కలిపి మాకు నెలకు 380, అంటే ఏడాదికి 4,560 రూపాయలు పడేది. ఇంటర్నెట్‌కు మారాక తెలిసిందేమిటంటే, కేబుల్‌లో ఒకే తీగ మీద వచ్చిన ఛానళ్లు ఇక్కడ తలా ఒక యాప్‌లో ఉంటాయి. స్టార్ మా సీరియళ్లు జియోహాట్‌స్టార్‌లో, జీ తెలుగువి జీ5లో, జెమినివి సన్ నెక్స్ట్‌లో, ఈటీవీవి ఈటీవీ విన్‌లో వస్తాయి. వీటన్నింటికీ చందా కట్టి, కొత్త సినిమాల కోసం ఆహా కూడా తీసుకుంటే మిగిలేది పెద్దగా ఏమీ ఉండదు. మేము అమ్మ చూసే సీరియళ్లేవో ఒక కాగితం మీద రాసుకుని, వాటికి అవసరమైన రెండు యాప్‌లకే ఏడాది చందా కట్టాము. రెండూ కలిపి సుమారు 1,900 అయింది. వార్తా ఛానళ్లలో చాలావరకు యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా, ఉచితంగానే వస్తాయి. మధ్యాహ్నం పన్నెండింటికి ఎస్వీబీసీలో వచ్చే శ్రీవారి కల్యాణోత్సవం కూడా అక్కడే చూడవచ్చు. ఇంటర్నెట్ బిల్లును నేను ఈ లెక్కలో కలపలేదు. కేబుల్ ఉన్నా లేకపోయినా అది కట్టవలసిందే. టీవీ కోసమే కొత్తగా ఇంటర్నెట్ పెట్టించుకునేవారికి మాత్రం ఈ మార్పు లాభం కాదని నా అభిప్రాయం.

ఇక అమ్మ సంగతి. కేబుల్ తీసేసిన రెండో వారంలో ఒక రోజు నేను ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చేసరికి టీవీ ఆపి ఉంది, అమ్మ వరండాలో కూర్చుని ఉంది. ఒంట్లో బాగోలేదేమోనని అడిగాను. "ఏమీ లేదు నాయనా, ఏదో నంబరు అడుగుతోంది, నువ్వొచ్చాక చూద్దాంలే అనుకున్నాను" అంది. యాప్ దానంతట అదే లాగవుట్ అయి, మళ్లీ ప్రవేశించడానికి ఓటీపీ అడిగింది. ఆ ఓటీపీ నా ఫోన్‌కు వచ్చింది. నేను మీటింగులో ఉండి చూసుకోలేదు. అంతకు ముందు కూడా రెండుసార్లు అలాగే జరిగిందని తర్వాత నా భార్య చెప్పింది. ఆ రాత్రి నాకు చాలా బాధ కలిగింది. కేబుల్ ఉన్నన్నాళ్లూ అమ్మ ఒక బటన్ నొక్కితే టీవీ వచ్చేది, ఛానల్ నంబరు ఆమెకు కంఠతా వచ్చు, ఎవరినీ అడగవలసిన పని ఉండేది కాదు. నెలకు రెండు వందలు మిగుల్చుకోవడానికి నేను ఆమెను తన ఇంట్లోనే ఒకరిని అడిగి టీవీ చూడవలసిన స్థితిలో పెట్టాను.

ఆ తర్వాత మేము చేసిన మార్పులు మీకు పనికొస్తాయి. రెండు యాప్‌లనూ అమ్మ ఫోన్ నంబరు మీదికే మార్చాము, దాంతో ఓటీపీ ఆమె చేతిలోని ఫోన్‌కే వస్తుంది, అందులోని అంకెలు టీవీలో ఎలా కొట్టాలో మా అమ్మాయి నాలుగైదుసార్లు దగ్గర కూర్చుని నేర్పింది. టీవీ తెర మీద అమ్మకు అక్కర్లేని యాప్‌లన్నీ తీసేసి, కావలసినవే మొదటి వరుసలో ఉంచాము. అన్నింటికన్నా ఎక్కువ సాయం చేసింది రిమోట్‌లోని మైకు బటన్. అది నొక్కి తెలుగులో సీరియల్ పేరు చెబితే చాలావరకు సరిగ్గానే చూపిస్తుంది. అక్షరాలు ఒక్కొక్కటే వెతుక్కుంటూ టైపు చేయడం ఆ వయసువారికి సాధ్యం కాదు. ఇప్పుడు అమ్మకు ఒక కొత్త సౌకర్యం కూడా తెలిసివచ్చింది: పేరంటానికో, గుడికో వెళ్లిన రోజు తప్పిపోయిన భాగాన్ని మర్నాడు మధ్యాహ్నం తీరిగ్గా చూసుకుంటుంది. ఏడున్నరకల్లా ఇంట్లో ఉండాలన్న ఆదుర్దా పోయింది.

ఇంటర్నెట్ ఆగిపోయే రోజుల గురించి కూడా ముందే ఆలోచించుకోవాలి. రోడ్డు తవ్వకాల్లో ఫైబర్ తెగి మాకు ఒకసారి మూడు రోజులు సర్వీసు లేదు. ఫిర్యాదు చేసినా రేపు, ఎల్లుండి అనడమే తప్ప ఎవరూ రాలేదు. ఫోన్ హాట్‌స్పాట్‌తో నెట్టుకొద్దామంటే, హెచ్‌డీలో గంట వీడియోకు దాదాపు 3 జీబీ దాకా ఖర్చవుతుంది కాబట్టి రోజుకు ఒకటిన్నర జీబీ వచ్చే ప్లాన్ అరగంటలో అయిపోతుంది. యాప్‌లో నాణ్యత తగ్గించుకుంటే కొంత నయం. కరెంటు పోయినప్పుడు టీవీ ఇన్వర్టర్ మీద నడుస్తున్నా రూటర్ ఆగిపోతే ప్రయోజనం లేదు, కాబట్టి రూటర్‌ను కూడా ఇన్వర్టర్ లైనులోనే పెట్టించండి. దూరదర్శన్ ఉచిత డిష్ ఒకసారి కొని బిగించుకుంటే నెలనెలా కట్టేదేమీ ఉండదు. అమ్మ సీరియళ్లు అందులో రాకపోయినా, నెట్ లేని రోజున డీడీ సప్తగిరి అయినా చూడవచ్చు.

క్రికెట్ చూసేవారైతే ఒక తేడా గమనిస్తారు. ఇంటర్నెట్‌లో ప్రత్యక్ష ప్రసారం కొన్ని సెకన్ల ముక్కలుగా వస్తుంది, టీవీ కొన్ని ముక్కలు ముందు పోగు చేసుకుని ఆ తర్వాతే చూపిస్తుంది. అందువల్ల కేబుల్ ఉన్న పక్కింట్లో సిక్సర్‌కు కేకలు వినిపించాక మన తెర మీద బౌలర్ పరుగు మొదలుపెడతాడు. మా ఇంట్లో దీనికి అలవాటు పడ్డాము.

కేబుల్‌తో మేము నిజంగా పోగొట్టుకున్నది లోకల్ ఛానల్. 2022 జూలైలో గోదావరికి వరద వచ్చి ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక జారీ అయినప్పుడు, ఊరంతా ఆ ఛానల్ ముందే కూర్చుంది. అక్కడ మొదటి హెచ్చరిక 11.75 అడుగులకు, రెండోది 13.75కు, మూడోది 17.75కు ఇస్తారు, నీటిమట్టం ఎంతకు చేరిందో, ఏ లంకకు పడవలు వెళ్తున్నాయో, ఏ రేవులోకి దిగకూడదో ఆ ఛానల్‌లో గంటగంటకూ చెప్పారు. ఇప్పుడు వాట్సాప్‌లో ఆ అంకెలు వస్తూనే ఉంటాయి గానీ, ఏది నిన్నటిదో ఏది ఇవాళ్టిదో తేల్చుకోవడం కష్టం. లంకల్లో బంధువులున్న మాబోటి వారికి ఇది చిన్న లోటు కాదు. మీ ఊళ్లో కూడా అలాంటి ఛానల్ మీద ఆధారపడుతుంటే, అది యూట్యూబ్‌లో వస్తుందో లేదో మీ ఆపరేటర్‌నే అడగండి.

కేబుల్‌ను ఒక్కసారిగా తీసేయకండి. ఒక నెల రెండూ ఉంచి, ఆ నెలలో అమ్మగారిని యాప్‌లలోనే చూడమని చెప్పి, మీరు ఇంట్లో లేని సాయంత్రాలు ఎలా గడిచాయో ఆమెనే అడగండి. ఆమె ఎవరి సాయం లేకుండా వారం రోజులు చూడగలిగాక ఆపరేటర్‌కు చెప్పండి. సెట్‌టాప్ బాక్స్, అడాప్టర్, రిమోట్ తిరిగి ఇచ్చేటప్పుడు తేదీ వేసిన రసీదు తప్పకుండా తీసుకోండి; మేము తీసుకోలేదు, బాక్స్ ఇచ్చేసిన తర్వాత కూడా రెండు నెలల బాకీ ఉందని అడగడానికి మనిషి వచ్చాడు.