హైదరాబాద్‌లో సొంతంగా కిటికీ అద్దాలు తుడిచే పని పెట్టుకుంటే ఇల్లు గడుస్తుందా? ఎలా మొదలుపెట్టాలి?

మీరు ఇచ్చిన వివరాలు ఇవీ: కూకట్‌పల్లి వైపు ఉంటున్నారు, హౌస్‌కీపింగ్‌లో పని తెలుసు, బండి ఉంది, చేతిలో 20,000 దాకా ఉన్నాయి. అద్దాల పని ఒక్కటే పెట్టుకుంటే చాలుతుందా అన్నది ప్రశ్న. చాలుతుంది. కాకపోతే ఫ్లాట్లను కాదు, షాపులను నమ్ముకోవాలి.

కొత్తగా వచ్చేవాళ్ళంతా ఫ్లాట్లతోనే మొదలుపెడతారు. ఒక్కసారికి వచ్చే మొత్తం పెద్దది కదా. కానీ ఆ ఇంటివాళ్ళు మళ్ళీ పిలిచేది దసరాకో సంక్రాంతికో. మధ్యలో నెలలకు నెలలు ఖాళీ. షాపు అద్దం సంగతి వేరు. రోడ్డు దుమ్ము, బస్సుల పొగ, జనం చేతి వేళ్ళ గుర్తులు కలిసి నాలుగైదు రోజుల్లో మసకబారుతుంది. వారం వారం తుడవాల్సిందే. ఒక్కో షాపు ఇచ్చేది తక్కువే అయినా, ఒకే వీధిలో ఇరవై ముప్పై షాపులు పట్టుకుంటే అదే మీ జీతం.

లెక్క వేద్దాం. ఇంటికి నెలకు 25,000 కావాలి. పెట్రోలు, సామాను, ఫోను, పని లేని రోజులు అన్నిటికీ కలిపి ఇంకో 7,000. మొత్తం 32,000. నెలకు 24 రోజులు పని, రోజుకు నిజంగా డబ్బు వచ్చే గంటలు ఐదు. మిగతాది తిరగడానికీ, బేరానికీ, నీళ్ళు పట్టుకోవడానికీ పోతుంది, దాన్ని లెక్కలో వేయకండి. అంటే 120 గంటలు, గంటకు సుమారు 270. ఇదే మీ కొలబద్ద. పది అడుగుల వెడల్పున్న షాపు ముందు భాగం, తలుపుతో కలిపి, లోపలా బయటా తుడవడానికి చెయ్యి తిరిగినవాడికి 20 నిమిషాలు. కాబట్టి 90కి తక్కువ ఒప్పుకోవద్దు, 100 అడగండి. వారానికోసారి 30 షాపులు తుడిస్తే నెలకు 12,000 వస్తాయి, దానికి పట్టేది 40 గంటలే. మిగిలిన 80 గంటలు ఫ్లాట్లకూ, క్లినిక్కులకూ, చిన్న ఆఫీసులకూ.

షాపులు దగ్గర దగ్గరగా ఉండటం చాలా ముఖ్యం. కూకట్‌పల్లిలో పది, అమీర్‌పేటలో ఐదు, మియాపూర్‌లో నాలుగు అంటే ట్రాఫిక్‌లోనే రోజు గడిచిపోతుంది. మొదటి రెండు నెలలు ఒకే రోడ్డు పట్టుకుని వదలకండి. దూరం నుంచి ఎవరైనా పిలిస్తే ధర పెంచి చెప్పండి, ఒప్పుకుంటేనే వెళ్ళండి.

ఎవరిని అడగాలి? యజమాని గల్లాపెట్టె దగ్గర కూర్చునే షాపులను. కళ్ళజోళ్ళ షాపు, మొబైల్ షాపు, స్వీట్ షాపు, సెలూన్, డయాగ్నస్టిక్ సెంటర్, చిన్న నగల షాపు. పెద్ద బ్రాండ్ల షోరూముల జోలికి మొదట్లో పోకండి. వాళ్ళకు హౌస్‌కీపింగ్ కాంట్రాక్టు ఉంటుంది, మేనేజరు చేతిలో ఏమీ ఉండదు. మాటలతో ఒప్పించాలని చూడొద్దు. ఒక పలక సగం తుడిచి చూపించండి, మిగతా సగం పక్కనే ఉంటుంది కాబట్టి తేడా ఆయనకే కనబడుతుంది.

ఒక పద్ధతి మాత్రం తప్పకండి. బోణీ కాకముందు డబ్బులు అడగొద్దు. ఉదయం షట్టర్ తీయగానే తుడిచి వెళ్ళిపోండి, డబ్బులు సాయంత్రమో నెలాఖరుకో తీసుకోండి. కొందరు శుక్రవారం చేతి నుంచి డబ్బు తీయరు, ఫోన్‌పే కూడా చేయరు. గొణుక్కోకుండా శనివారం వెళ్ళండి. తలుపు అద్దం మీద పసుపు కుంకుమ బొట్లు, ఓంకారం ఉంటే అడిగే దాకా ముట్టుకోకండి. చాలామంది ‘బొట్టు వదిలేసి చుట్టూ తుడువు’ అంటారు. అలాగే చేయండి.

ఇక సామాను. షాపుల్లో గ్లాస్ వైపర్ అని అడిగితే నేల తుడిచే వైపర్‌కు చిన్న తమ్ముడి లాంటిది ఇస్తారు. అది వద్దు. రబ్బరు మార్చుకోవడానికి వీలున్న స్క్వీజీ కావాలి, అంటే అద్దం మీది నీళ్ళను రబ్బరు అంచుతో లాగేసే పనిముట్టు. 14 అంగుళాలది ఒకటి, 6 అంగుళాలది ఒకటి. ఉంగర్, ఎట్టోర్ కంపెనీలవి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. హ్యాండిల్ చవకదైనా పరవాలేదు, రబ్బరు మాత్రం మంచిది కొనండి. పనంతా చేసేది అదే. దానితో పాటు అద్దం తడపడానికి ఊలు తొడుగున్న టీ ఆకారపు వాషర్ ఒకటి, 4 అంగుళాల బ్లేడు స్క్రేపర్, స్క్వీజీ పట్టేంత పొడవాటి బకెట్, పది మైక్రోఫైబర్ గుడ్డలు, ఒకటిన్నర అంగుళం పెయింట్ బ్రష్, 10 లీటర్ల క్యాన్లు రెండు. ఇవన్నీ ఆరేడు వేలకు మించవు. నిచ్చెన విడిగా చూసుకోవాలి. మిగిలిన డబ్బు దాచుకోండి, మొదటి నెల ఖర్చులకు అదే ఆధారం.

నీళ్ళు బోరువి వాడకండి. హైదరాబాద్ బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ, అంచుల్లో చుక్క ఆరినా తెల్లటి మచ్చ పడుతుంది. మంజీరా నీళ్ళు, అంటే మునిసిపల్ కుళాయి నీళ్ళు, ఇంటి దగ్గరే క్యాన్లలో పట్టుకెళ్ళండి. షాపుకు ఒకటి రెండు లీటర్లు సరిపోతాయి. 5 లీటర్లకు గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క టీస్పూను చాలు. తక్కువైతే రబ్బరు జారక కీచుమంటూ గెంతుతుంది. ఎక్కువైతే ఆరాక పొగ పట్టినట్టు పొర కనిపిస్తుంది, దాని మీద దుమ్ము ఇంకా తొందరగా అంటుకుంటుంది. నురగ ఎక్కువ ఉంటే బాగా శుభ్రమవుతుందని షాపువాళ్ళు అనుకుంటారు గానీ అది నిజం కాదు.

తుడిచే తీరు ఇదీ. దుమ్ము మందంగా ఉంటే ముందు పొడి బ్రష్‌తో ఫ్రేము దులపండి, లేకపోతే ఆ మట్టి తర్వాత బురదై అద్దం మీదికి కారుతుంది. వాషర్‌తో అద్దమంతా తడిపి, అంచుల దగ్గర రెండుసార్లు రుద్దండి. తర్వాత గుడ్డ కొసతో పై అంచున అంగుళం మేర ఆరబెట్టండి. స్క్వీజీ ఆ పొడి గీత దగ్గర మొదలవ్వాలి, తడి దగ్గర మొదలైతే చారలు ఖాయం. రబ్బరును అద్దానికి ఏటవాలుగా పట్టి పై నుంచి కిందికి ఒకే ఒత్తిడితో లాగండి. ప్రతి లాగుడూ ముందుదాని మీద రెండు అంగుళాలు ఎక్కాలి. లాగిన ప్రతిసారీ రబ్బరును గుడ్డకు తుడవండి. పామెల్లినట్టు అటూ ఇటూ తిప్పే పద్ధతి వీడియోల్లో బాగుంటుంది, మొదటి నెల దాని జోలికి పోకండి. చివర్లో నాలుగు అంచులూ పొడి గుడ్డతో ఒక్కసారి. మధ్యలో గుడ్డ పెట్టారంటే మళ్ళీ నూగు అంటుకుంటుంది. పాత న్యూస్‌పేపర్ చిట్కా ఇంట్లో ఒక అద్దానికి పనికొస్తుంది, రోజుకు యాభై పలకలు తుడిచేవాడికి కాదు.

సన్నటి గీతలాంటి తడి ప్రతిసారీ ఒకే చోట మిగులుతోందంటే తప్పు మీ చేతిది కాదు, రబ్బరుది. వేలితో అంచు తడిమితే చిన్న గాటు తగులుతుంది. రబ్బరు తీసి రెండో అంచు వాడండి, అదీ పోతే మార్చండి. కొత్తది వేసేటప్పుడు రబ్బరును పట్టుకునే పట్టీకి రెండు వైపులా 2–3 మిల్లీమీటర్లు బయటికి ఉండేలా కోయండి, అప్పుడే మూలల దాకా అందుతుంది. స్క్వీజీని ఎండలో బండి మీద వదిలేస్తే రబ్బరు గట్టిపడిపోతుంది.

ఎండ పడుతున్న అద్దం మీద సబ్బునీళ్ళు లాగేలోపే ఆరిపోతాయి. అందుకని ఉదయం పడమర ముఖం షాపులు, మధ్యాహ్నం దాటాక తూర్పు ముఖం షాపులు. ఏప్రిల్, మే నెలల్లో దీన్ని తప్పనిసరిగా పాటించాలి.

స్క్రేపర్ దగ్గర ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. పొడి అద్దం మీద బ్లేడు పెట్టకూడదు. తడిపి, ఒకే వైపుకు తోయాలి, వెనక్కి లాగకూడదు. లాగితే బ్లేడు కింద చిక్కుకున్న ఇసుక రేణువు గీత గీస్తుంది. అద్దం మూలన చిన్న ముద్ర ఉంటే అది టఫెన్డ్ గ్లాసు, అంటే వేడి చేసి గట్టిపరిచిన అద్దం. కొన్నిటి ఉపరితలం మీద తయారీలోనే చిన్న చిన్న రవ్వలు అతుక్కుని ఉంటాయి, బ్లేడు తగిలితే అవి ఊడొచ్చి అద్దమంతా గీతలు పడతాయి. సన్ ఫిల్మ్ ఉన్న వైపు, రిఫ్లెక్టివ్ పూత ఉన్న వైపు బ్లేడే వద్దు. ‘సేల్’ స్టిక్కర్ల జిగురు పోవాలంటే నీలగిరి తైలం రాసి రెండు నిమిషాలు ఆగి గుడ్డతో తుడిస్తే చాలు, తర్వాత మళ్ళీ సబ్బునీళ్ళు.

బోరు నీళ్ళ తెల్ల మరకలకు నిమ్మ ఉప్పు వాడండి. లీటరు గోరువెచ్చటి నీళ్ళలో 50 గ్రాములు కలిపి, గుడ్డ ముంచి, మరక మీద పది నిమిషాలు అంటించి ఉంచి, రుద్ది కడగాలి. అయితే కిటికీ కింద ఏ రాయి ఉందో ముందు చూడండి. గ్రానైట్ అయితే భయం లేదు. తాండూరు బండ, కడప బండ, మార్బుల్ అయితే ఈ నీళ్ళు పడ్డ చోట మెరుపు పోయి మచ్చ నిలిచిపోతుంది. ఆ రాళ్ళన్నీ సున్నం జాతివి, పులుపు వాటిని తినేస్తుంది. అద్దానికి మీరు అడిగేది వందల్లో, గట్టు రాయి మార్చాలంటే వేలల్లో. మందంగా తడి గుడ్డలు పరిచి, నీళ్ళు కారకుండా పని చేయండి. బాత్రూం యాసిడ్ అసలు ముట్టుకోవద్దు. అల్యూమినియం ఫ్రేమునూ, స్టీలు చక్రాలనూ పాడు చేస్తుంది, ఇంటి లోపల ఆ పొగ పీల్చడం ప్రమాదం. నిమ్మ ఉప్పుకు రెండుసార్లయినా లొంగని మరక ఉంటే అద్దమే తినుకుపోయి ఉంటుంది. సిమెంటు గోడ మీద నుంచి కారే నీళ్ళకు ఆ గుణం ఉంది. అది పోతుందని మాట ఇవ్వకండి.

ఫ్లాట్లలో అద్దం కన్నా ట్రాక్ (పలక జరిగే గాడి), దోమల మెష్ ఎక్కువ సమయం తింటాయి. ధర చెప్పేటప్పుడు పలకలే లెక్కబెడితే నష్టపోతారు. మూడు బెడ్‌రూముల ఫ్లాటు, రెండు బాల్కనీ స్లైడింగ్ తలుపులు, ట్రాకులూ మెష్‌లూ కలిపి ఒక మనిషికి ఐదారు గంటలు. అంటే 1,500 దగ్గర మొదలు. కొత్త ఇల్లు, పెయింటు చుక్కలు, సిమెంటు మరకలు ఉంటే సమయం మూడింతలు. చూడకుండా ఫోన్లో ధర చెప్పకండి.

ట్రాక్‌లోని మట్టిని పొడి బ్రష్‌తో తీశాకే నీళ్ళు పోయండి. యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీల ట్రాక్ అడుగున, బయటి వైపు నీళ్ళు పోయే చిన్న కంతలుంటాయి. అవి పూడుకుంటే వానకు నీళ్ళు గదిలోకి వస్తాయి. పుల్లతో తీసి, గ్లాసుడు నీళ్ళు పోసి బయటికి పోతున్నాయని ఇంటివాళ్ళకు చూపించండి. ఈ ఒక్క పనికే మళ్ళీ పిలుస్తారు. గ్రిల్ అడ్డం వస్తే చిన్న స్క్వీజీని కమ్మీల మధ్య నుంచి నిలువుగా దూర్చి అవతల తిప్పుకోవచ్చు, పిడికి తాడు కట్టి మణికట్టుకు చుట్టుకోండి. ఐదో అంతస్తు నుంచి జారితే కింద ఎవరి నెత్తి మీద పడుతుందో తెలియదు. స్లైడింగ్ పలకను ఎత్తి తీయమని కొందరు అడుగుతారు. పెద్ద పలకైతే ఒక్కరే ఉన్నప్పుడు ఒప్పుకోకండి.

పావురాల రెట్ట గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఊళ్ళో దాదాపు ప్రతి బాల్కనీలోనూ ఉంటుంది. పొడిగా గీకితే లేచే దుమ్ము ఊపిరితిత్తులకు చెడ్డది. ముందు నీళ్ళు చల్లి నానబెట్టి, ఎన్-95 మాస్కు, చేతి తొడుగులు వేసుకుని తీయాలి. దీనికి విడిగా డబ్బు అడగండి.

బయటి నుంచి తాళ్ళతో దిగే పని మీది కాదు. దానికి శిక్షణ, రెండు తాళ్ళు, పైన మనిషి, బీమా ఉన్న సంస్థలున్నాయి. కిటికీ గట్టు మీద బయట నిలబడమని ఎవరన్నా వద్దనండి. షాపు బోర్డు పైన అద్దాలకు నిచ్చెన వేస్తే, నాలుగడుగుల ఎత్తుకు గోడ నుంచి అడుగు దూరం చొప్పున నిచ్చెన కాళ్ళు పెట్టాలి, పై మూడు మెట్లు ఎక్కకూడదు. మన రోడ్లలో షాపుల ముందే కరెంటు తీగలుంటాయి. అల్యూమినియం నిచ్చెన, లోహపు పొడుగు కర్ర అక్కడ వద్దు, ఫైబర్‌గ్లాస్ నిచ్చెన కొనండి. తీగకు మరీ దగ్గరగా ఉన్న అద్దాన్ని వదిలేయండి.

పని మొదలుపెట్టే ముందు ప్రతి పలకనూ చూసి, పాత పగులు, గీతలు ఉంటే యజమానికి చూపించి ఫోటో తీసుకోండి. గొడవలన్నీ అక్కడే వస్తాయి.

కాగితాల పని పెద్దగా లేదు. సేవల మీద ఏడాది రాబడి 20 లక్షల లోపు ఉంటే జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) ఆధార్, పాన్‌లతో ఉచితంగా ప్రభుత్వ సైట్లోనే అయిపోతుంది, ఏజెంటుకు డబ్బు ఇవ్వకండి. క్లినిక్కులు, ఆఫీసులు బిల్లు అడిగినప్పుడు అది పనికొస్తుంది. బ్యాంకు ఖాతా ఉంటే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన తీసుకోండి. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు. ఆస్పత్రి ఖర్చు దీనిలో రాదు, పగిలిన అద్దం ఖర్చు అసలే రాదు.

రాబడి ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. దసరా నుంచి దీపావళి దాకా, మళ్ళీ సంక్రాంతి ముందు ఊపిరాడదు. శ్రావణం, మాఘం, వైశాఖం గృహప్రవేశాలకు కొత్త ఇళ్ళ పని వస్తుంది, అది పెయింటర్ల ద్వారా, యూపీవీసీ కిటికీలు బిగించేవాళ్ళ ద్వారా వస్తుంది కాబట్టి ఇప్పటి నుంచే నలుగురి నంబర్లు పెట్టుకోండి. ఆషాఢంలోనూ మూఢంలోనూ అది ఆగిపోతుంది. కానీ అదే ఆషాఢంలో బట్టల షాపులు సేల్ పెడతాయి, అద్దాల నిండా స్టిక్కర్లు అంటిస్తాయి. సేల్ అయిపోయిన మర్నాడు నీలగిరి తైలం సీసాతో వెళ్ళి నిలబడండి.