టెస్టు డేటాబేస్ క్లోనింగ్ గురించి తమ్ముడికి

తమ్ముడూ,

ప్రతి టెస్టు రన్‌కీ డంప్ (డేటాబేస్ మొత్తాన్ని రాసిపెట్టిన ఫైలు) రీస్టోర్ చేస్తున్నామని, అందుకే గంటలు పడుతున్నాయని రాశావు. రీస్టోర్‌కి ఎన్ని జాబ్స్ (ఒకేసారి నడిచే పనులు) ఇచ్చినా ఇండెక్సులన్నీ మళ్లీ మొదటినుంచీ కట్టాల్సిందే. ఆ దారి వదిలెయ్.

మూల ప్రతిని ఒక్కసారి శ్రద్ధగా తయారుచెయ్. దాని బ్లాకుల్నే (డిస్క్ మీది ముక్కల్నే) క్లోన్లన్నీ, అంటే టెస్టులకిచ్చే నకళ్లన్నీ, పంచుకోవాలి. డేటా డైరెక్టరీని జడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ మీద పెట్టి స్నాప్‌షాట్ (ఆ క్షణంలో ఉన్న స్థితి) తీస్తే, క్లోన్ పుట్టడానికి సెకన్లు చాలు, అది 10 జీబీ అయినా 2 టీబీ అయినా. టెస్టు ఏ బ్లాకులో రాస్తే దానికే కొత్త చోటు పడుతుంది. స్నాప్‌షాట్‌కి ముందు సర్వర్‌ని సరిగ్గా ఆపు, లేకపోతే ప్రతి క్లోనూ లేస్తూనే క్రాష్ రికవరీలో పడుతుంది. డేటా, వాల్ (మార్పుల్ని ముందుగా రాసుకునే లాగ్) వేర్వేరు చోట్ల ఉంటే రెండూ ఒకే క్షణంలో పట్టుబడేలా చూడు. అలా కుదరకపోతే ఆ క్లోన్ లేచినా నమ్మొద్దు.

జడ్‌ఎఫ్‌ఎస్ కుదరకపోతే మన డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌లోనే టెంప్లేట్ (నకళ్లు తీసుకునే నమూనా డేటాబేస్) ఉంది. 2025లో వచ్చిన 18వ వెర్షన్‌లో ఫైల్ కాపీ మెథడ్‌ని క్లోన్ అని పెట్టి, డేటాబేస్ సృష్టించేటప్పుడు స్ట్రాటజీని ‘ఫైల్ కాపీ’ అని పెడితే, రీఫ్లింక్ (ఫైళ్లు బ్లాకుల్ని పంచుకునే సదుపాయం) ఉన్న ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ మీద కూడా ఇదే ఫలితం. ఒకటే చిక్కు: టెంప్లేట్‌కి ఒక్క కనెక్షన్ మిగిలి ఉన్నా ‘బీయింగ్ యాక్సెస్డ్ బై అదర్ యూజర్స్’ అని ఆగిపోతుంది. మానిటరింగ్ టూల్‌ని దాని జోలికి రానివ్వకు.

డేటాని డాకర్ ఇమేజ్‌లోనే పెట్టెయ్యాలని అనిపిస్తుంది, వద్దు. డాకర్ ఇమేజ్ పొరల్ని కలిపే ఓవర్‌లే2లో టేబుల్‌లోని ఒక్క రో మార్చినా ఆ ఫైలు మొత్తం పై పొరకి కాపీ అవుతుంది. పోస్ట్‌గ్రెస్ ఫైలు ఒక్కోటి 1 జీబీ దాకా ఉంటుంది!

మాస్కింగ్ (నిజమైన వివరాల్ని కప్పెయ్యడం) మాత్రం మూల ప్రతిలోనే, స్నాప్‌షాట్‌కి ముందే చెయ్. క్లోన్ చేశాక చేద్దామనుకుంటే ఏదో ఒకరోజు మర్చిపోతారు. నేను పనిచేసిన ఒకచోట రాత్రి నడిచిన టెస్టు నిజమైన కస్టమర్లకి బిల్లు మెయిళ్లు పంపేసింది. పొద్దున వాళ్ల ఫోన్లు ఎత్తింది నేనే. ఒక పెద్దావిడ, తను కట్టాల్సిన బాకీ నిజంగా ఉందేమోనని భయపడిపోయింది. ఆ గొంతు ఇప్పటికీ మరిచిపోలేదు. ఈమెయిళ్లు, ఫోన్ నంబర్లతో పాటు నోట్స్, లాగ్ టేబుళ్లు కూడా వెతుకు. పేర్లు అక్కడే దాక్కుంటాయి.

క్లోన్లు మిగిలి ఉన్నంతకాలం వాటి స్నాప్‌షాట్‌ని జడ్‌ఎఫ్‌ఎస్ చెరపనివ్వదు, జాగా తిరిగిరాదు. అందుకని టెస్టు మధ్యలో ఆగిపోయినా క్లోన్‌ని తీసేసే స్టెప్ నడవాలి. ఫెయిలైన దాన్ని మాత్రం ఒకరోజు ఉంచు, రాసినవాళ్లు లోపలికెళ్లి చూసుకుంటారు.

ముందు 10 క్లోన్లు ఒకేసారి లేపి చూడు. ఎంతసేపు పట్టిందో నాకు రాయి.

మీ అన్నయ్య