యుద్ధం రాయబోతున్న మా అమ్మలుకి

అమ్మలూ,

రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. "నీ మేనకోడలు ఉద్యోగం మానేసి యుద్ధం మీద వెబ్ సిరీస్ రాస్తుందట, నువ్వే చెడగొట్టావు దాన్ని" అని పావుగంట తిట్టాడు. అన్నీ అవునవునన్నాను. ఫోన్ పెట్టేశాక ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను. ఎనిమిది ఎపిసోడ్లు, అదీ మొదటి అవకాశం! ఆ నవ్వు కాసేపే. తర్వాత తెల్లారేదాకా నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు చిన్నవి చెప్పేస్తాను. అగ్రిమెంట్ పూర్తిగా చదవకుండా సంతకం పెట్టకు. టైటిల్స్‌లో నీ పేరు ఎలా పడుతుందో కాగితం మీద రాయించుకో. సైన్యంలో పనిచేసినవాళ్లను ఒకరిని సలహాకు పెట్టమని మొదటిరోజే అడుగు. ఆఖర్లో అడిగితే బడ్జెట్ లేదంటారు.

తుపాకుల గురించి మీ తరానికి నేను చెప్పేదేముంది? అయినా తూటాలు లెక్కపెట్టు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ సిపాయి చేతిలో ఉండే ఎం1 గరాండ్ రైఫిల్‌లో ఒక విడతకు పట్టేవి 8. ఆగకుండా తొమ్మిదోది కూడా పేల్చాడంటే, తెలిసినవాడు ఇక నువ్వు రాసిన ఏడుపును కూడా నమ్మడు. గ్రెనేడ్ పేలితే మంటలు ఆకాశానికి లేవవు, దుమ్మూ పొగా లేస్తాయి. పక్కనే కాల్పులు జరిగాక గుసగుసలాడుకునే డైలాగులు రాయకు, చెవులు గింగురుమంటుంటే ఎవరి మాటా ఎవరికీ వినపడదు. దూరంగా షెల్ పడితే వెలుగు ముందు, చప్పుడు తర్వాత. కిలోమీటరు దూరానికి దాదాపు 3 సెకన్లు. ఆ 3 సెకన్లూ మీ డైరెక్టర్‌ని బతిమాలైనా తీసుకో. వెలుగు చూసి చప్పుడు కోసం కాచుకుని ఉన్న మొహం కంటే మంచి డైలాగు నేను ఎప్పుడూ రాయలేకపోయాను.

ఇలాంటివి డబ్బు పెడితే వస్తాయి. రెండో ప్రపంచ యుద్ధం మీద వచ్చిన అమెరికన్ సిరీస్ బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్ (2001) నటులకు షూటింగ్‌కి ముందు డేల్ డై అనే రిటైర్డ్ మెరీన్ కెప్టెన్ 10 రోజులు శిక్షణ ఇచ్చాడు. అందరూ దాన్ని మెచ్చుకుంటారు. నాకు మాత్రం గుర్తుండిపోయింది ఆరో ఎపిసోడ్. బెల్జియంలోని బాస్టోన్ మంచులో వైద్యం చేసే సిపాయి యూజీన్ రో గుంట గుంటకూ తిరిగి కత్తెర ఉందా, మార్ఫిన్ ఉందా అని అడుగుతుంటాడు. అతను మంచివాడని పక్కనున్నవాడితో చెప్పించక్కర్లేదు, ఆ తిరగడమే చాలు. హెల్మెట్లు పెట్టాక అందరూ ఒక్కలాగే ఉంటారు. మీసాలూ మచ్చలూ పెట్టి ఎంతమందిని వేరు చేస్తావు? ఒక్కొక్కడికి ఒక్కో కొరత పెట్టు. జనరేషన్ కిల్ (2008) చూడు. 2003 ఇరాక్ యుద్ధం, రాత్రి చూపు పరికరాలకు బ్యాటరీలు లేక సిపాయిలు ఏడుస్తుంటే పై అధికారికి మీసాల కత్తిరింపు మీద ధ్యాస. బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ కూడా లేదు. మన నిర్మాతలకు ఆ మాట చెప్పి చూడు, కుర్చీలోంచి పడిపోతారు.

పాత్ర ఎదగడం అంటావా, సైనిక ఆసుపత్రి మీద వచ్చిన అమెరికన్ సిరీస్ మ్యాష్ చూడు. 1950 నుంచి 1953 దాకా జరిగిన కొరియా యుద్ధాన్ని 1972 నుంచి 1983 దాకా 11 సీజన్లు నడిపారు. అందులో మార్గరెట్ అనే హెడ్ నర్సు మొదట్లో అందరూ ఎగతాళి చేసే మనిషి, అంతే. ఐదో సీజన్‌లో ఒకసారి తన కింది నర్సుల మీద విరుచుకుపడి, ఒక్కసారైనా నన్ను కాఫీకి పిలిచారా అని అడుగుతుంది. అక్కడి నుంచి ఆమెను చూసి నవ్వడం నా వల్ల కాలేదు. ఒక్క కప్పు కాఫీ, అమ్మలూ. యుద్ధం మధ్యలో.

ఇక అసలు సంగతికి వస్తాను. నిద్ర పట్టనివ్వనిది ఇదే.

నేను సీరియల్స్ రాసే రోజుల్లో నాకొక యుద్ధం ట్రాక్ ఇచ్చారు. యుద్ధంలో వైర్‌లెస్ సెట్ మోసిన ఒకాయన్ని వెతికి పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. మూడు మధ్యాహ్నాలు మాట్లాడారు. సెట్ పట్టీ భుజంలో ఎక్కడ కోసుకుంటుందో, తడి వేళ్లకు స్విచ్ ఎలా జారుతుందో, అన్నీ. మూడో రోజు నేను పుస్తకం మూసి లేచాక, "ఇంకొకటుందమ్మా" అన్నారు. స్నేహితుడు పక్కనే పోయాడట. ఏమీ మాట్లాడలేదట. గంట తర్వాత ఈయన ఆ కుర్రాడి సంచి విప్పి పొడి సాక్సుల జత తీసుకుని వేసుకున్నారు. తనవి మూడు రోజులుగా తడిసే ఉన్నాయి. "వెచ్చగా ఉన్నాయమ్మా, హాయిగా అనిపించింది" అన్నారు. ఆ మాట అంటుంటే ఆయన కాలి వేళ్లు నేల మీద ముడుచుకోవడం చూశాను. గుమ్మంలో వాళ్లావిడ నిలబడి ఉన్నారు. ఆవిడకూ అది కొత్త సంగతేనని మొహంలో తెలుస్తూనే ఉంది.

రాశాను. సాక్సులతో సహా రాశాను. డిస్కషన్‌లో ఎవరో "హీరో శవం సంచిలోంచి సాక్సులు తీసుకోవడమేంటండీ, క్యారెక్టర్ పడిపోతుంది" అన్నారు. గట్టిగా కూడా అనలేదు. నేను గట్టిగా కాదంటే ఉండిపోయేదే. నోరెత్తలేదు. ఇంటికొచ్చి ఒక్క రాత్రిలో తిరగరాశాను. స్నేహితుడు హీరో ఒళ్లో తల పెట్టుకుని అమ్మ గురించీ దేశం గురించీ నాలుగు నిమిషాలు మాట్లాడి మరీ పోయాడు. వెనక వయొలిన్లు. చూసినవాళ్లందరూ ఏడ్చారు. మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశారు. సిగ్గు లేకుండా దాచుకున్నాను కూడా.

వారం పోయాక ఆయన ఫోన్ చేశారు. తిడతారనుకున్నాను. సెట్ అచ్చం అలాగే ఉందమ్మా, పట్టీ కూడా సరిగ్గా పెట్టారు అని మెచ్చుకున్నారు. కాస్త ఆగి, "ఆ సాక్సుల సంగతి తీసేశారేం?" అన్నారు. నిడివి ఎక్కువైందండీ అన్నాను. "పర్లేదులెండి, చెప్పుకోదగ్గది కాదుగా అది. నాకెప్పుడూ అలాగే అనిపించేది. మీకూ అనిపించిందన్నమాట" అని పెట్టేశారు.

అర్థమైందా? ఇంట్లో మనిషికి కూడా చెప్పుకోలేనిది నాకు చెప్పి, అది తప్పో కాదో తేల్చుకుందామని టీవీ ముందు కూర్చున్నారాయన. ఆవిడను పక్కన పెట్టుకుని. తప్పేనని నేను తేల్చేశాను. సెట్ పట్టీ ఏ భుజం మీద ఉండాలో వంద సార్లు సరిచూసినదాన్ని!

తర్వాతెప్పుడో చదివాను. 1944-45 చలికాలంలో యూరప్‌లో తడి బూట్లలో పాదాలు పాడైపోయి వేలమంది అమెరికన్ సిపాయిలు ఆసుపత్రుల పాలయ్యారట. రోజూ సాక్సులు మార్చుకోమని అధికారులు వెంటపడేవారట. పొడి సాక్సులంటే పాదాలు మిగలడం. ఆ రోజు ఫోన్‌లో ఇది తెలిసుంటే చెప్పేదాన్ని. తెలియకపోయినా ఏదో ఒకటి చెప్పాల్సింది.

నేనొక్కదాన్నే కాదులే. బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్ మూడో ఎపిసోడ్ చివర ఆల్బర్ట్ బ్లైత్ అనే సిపాయి గాయం నుంచి కోలుకోక 1948లో పోయాడని తెర మీద అక్షరాలు పడతాయి. ఆయన కోలుకుని, సైన్యంలోనే కొనసాగి, 1967లో పోయాడు. తోటివాళ్లు పోయాడనే అనుకున్నారు. అంత ఖర్చు పెట్టి తీసినవాళ్లకే అలా జరిగితే నువ్వెంత, నేనెంత? మనిషి గురించి రాసే ముందు వాళ్లింట్లోవాళ్లను అడుగు.

నువ్వు మనుషుల దగ్గరికి వెళ్తావు కదా. పుస్తకం మూశాక తొందరపడి లేవకు, అసలు మాట అప్పుడే వస్తుంది. ఫోన్‌లో రికార్డు చేస్తుంటే వాళ్లకు కనపడేలా పెట్టు. ఏది రాయొద్దో వాళ్లనే అడుగు, వద్దన్నది వద్దు. రాయమన్నది తీసేయాల్సి వస్తే మాత్రం ఎపిసోడ్ వచ్చే ముందే వెళ్లి చెప్పు. ఫోన్ కాదు, వెళ్లి. ఎందుకు తీసేశారంటే నిజం చెప్పు, నిర్మాత వద్దన్నాడనో, నాకు ధైర్యం చాల్లేదనో. కథలో లాజిక్ తప్పితే నేను క్షమిస్తాను. ఇది చేయకపోతే మాత్రం నా గడప తొక్కకు. అలా అన్నానని నిజంగానే రావడం మానేసేవు, నీకు ఆ మొండితనం నా నుంచే వచ్చింది.

రాత్రిపూట ఆ యుద్ధం వీడియోలు చూడకు. పగలు చూడు, చూశాక కాసేపు బయట తిరిగి రా. నా ట్రాక్ రాస్తున్నన్నాళ్లూ నేను ఉలిక్కిపడి లేచేదాన్ని, మీ మామయ్యను అడుగు.

ఆ మూడు మధ్యాహ్నాల పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. ఆయన పోయారు. ఆవిడ ఉన్నారు. ఆవిడ దగ్గరికి ఒక్కసారి వెళ్లాలని ఇన్నేళ్లుగా అనుకుంటున్నాను. నువ్వొచ్చినప్పుడు ఇద్దరం కలిసి వెళ్దాం, ఒక్కదాన్నే వెళ్లలేను. సాక్సుల సీను నీకిస్తాను, ఆవిడ సరేనంటే.

మొదటి ఎపిసోడ్ అవ్వగానే పంపు. అక్షరాలు పెద్దవిగా పెట్టు, పోయినసారి నువ్వు పంపిన కథ చీమల బారులా ఉంది.

మీ అత్త