నాన్నకు ‘బలం ఇంజెక్షన్’ అని చెప్పి టీకా వేయించొచ్చా?

ప్రశ్న: మాది ఉద్దానంలో కవిటి దగ్గర పల్లె. నాన్నకు 66 ఏళ్లు, కిడ్నీ జబ్బు. త్వరలో డయాలసిస్ అవసరం పడొచ్చని, ముందే హెపటైటిస్-బి, ఫ్లూ, న్యుమోనియా టీకాలు వేయించమని శ్రీకాకుళంలో డాక్టరుగారు చెప్పారు. నాన్న ససేమిరా అంటున్నారు. కరోనా టీకా కూడా వేయించుకోలేదు. అప్పట్లో మా వీధిలో ఒకాయన టీకా వేసుకున్న మూడో రోజే పోయారు. బలం ఇంజెక్షనని చెప్పి వేయించేద్దామని అన్నయ్య అంటున్నాడు. అలా చేయొచ్చా?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: వద్దమ్మా. డయాలసిస్ మొదలైతే వారానికి రెండు మూడుసార్లు ఆయన తన చేతిని సూదికి అప్పగించాలి. ఒక్కసారి మోసం చేశారని తెలిస్తే ఆ తర్వాత మీరిచ్చే బీపీ మాత్రను కూడా అనుమానంగానే చూస్తారు.

కాలిలో మేకు దిగినప్పుడు టీటీ ఇంజెక్షన్ వేయించుకోమని ఆయన్నెప్పుడైనా బతిమాలారా? రేకు గీసుకుందని రాత్రి తొమ్మిదింటికి బండేసుకొచ్చి టీటీ వేయమన్నవాళ్లను నేను చాలామందినే చూశాను. అదీ టీకాయే. కాకపోతే అక్కడ గాయం కళ్లెదుట ఉంటుంది. కరోనా టీకా దగ్గరకొచ్చేసరికి వ్యవహారం తిరగబడింది. జబ్బు ఇంకా రాలేదు, సూది వేసుకుంటే వచ్చే జ్వరం మాత్రం రేపే.

2021లో నేను విజయనగరం జిల్లాలో టీకా శిబిరాల్లో పనిచేశాను. రానంటే చాలు, ‘అపోహలు’ అని తీసిపారేసేవాళ్లం. నేనూ కొందరిని కసురుకున్నాను. ఒక పెద్దావిడ నన్ను నిలదీసింది: ‘‘సూదేసుకుంటే రెండ్రోజులు జొరమంట. ఆ కూలి ఎవులిస్తారు బాబూ, నువ్విస్తావేటి?’’ నా దగ్గర జవాబు లేదు. 45 దాటిన వాళ్లందరికీ టీకా మొదలైంది ఏప్రిల్ 1న. మీ ఉద్దానంలో అది జీడిపిక్కలు ఏరే కాలం. ఆమెది అపోహ కాదు, లెక్క.

ఆ ఏప్రిల్, మే నెలల్లోనే రెండో వేవ్ వచ్చింది. జూన్ 20న ఒక్కరోజే మన రాష్ట్రంలో 13 లక్షలకు పైగా డోసులు వేశారు. మా ఉపన్యాసాలకు కరిగిపోయి వచ్చారనుకోను. తెలిసినవాళ్ల ఇళ్లలో చావులు చూశారు. టీకా వేసుకున్న పక్కింటి కోడలు నాలుగో రోజుకి మామూలుగా పనికెళ్లడమూ చూశారు.

ఇక మీ వీధిలో పోయినాయన సంగతి. ఆయన రిపోర్టులు చూడకుండా కారణం ఇదీ అని చెప్పడం తప్పు. ఒక్క లెక్క మాత్రం చెబుతాను. మన దేశంలో వెయ్యి మందికి ఏడాదికి ఆరేడుగురు చనిపోతుంటారు. అరవై వేల జనాభా ఉన్న మండలంలో టీకా ఉన్నా లేకున్నా సగటున రోజుకొకరు పోతారు. ఊరూరా పెద్దవాళ్లందరికీ టీకా వేస్తుంటే, వేసుకున్న మూడో రోజున ఎక్కడో ఒకచోట ఒకరు పోకుండా ఉండరు. మూడో రోజున బతికున్నవాళ్ల గురించి ఎవరూ చెప్పుకోరు కదా.

అలాగని టీకాలకు ఏ దుష్ప్రభావమూ లేదంటే అదీ అబద్ధమే. కోవిషీల్డ్‌తో చాలా అరుదుగా ప్లేట్‌లెట్లు పడిపోయి రక్తం గడ్డకట్టిన కేసులున్నాయి. ఆరోగ్యంగా ఉన్న యువకుల ఆకస్మిక మరణాలపై భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) జరిపి 2023లో ప్రచురించిన అధ్యయనంలో మాత్రం, కరోనా టీకా వల్ల ఆ ముప్పు పెరిగినట్టు తేలలేదు. ఈ రెండు మాటలూ నాన్నగారికి చెప్పండి. మొదటిది దాస్తే రెండోది నమ్మరు.

ఇప్పుడు వేయాల్సినవి వేరే టీకాలు. డయాలసిస్‌లో రక్తం యంత్రం గుండా తిరుగుతుంది కాబట్టి హెపటైటిస్-బి సోకే అవకాశం ఎక్కువ. కిడ్నీలు దెబ్బతిన్న కొద్దీ టీకా సరిగా పట్టదు. అందుకే సాధారణంగా రెట్టింపు మోతాదులో ఆరు నెలల వ్యవధిలో నాలుగు డోసులిస్తారు. తర్వాత రక్తపరీక్షతో పట్టిందో లేదో చూస్తారు. డయాలసిస్ దాకా ఆగితే ఆలస్యమవుతుంది. ఫ్లూ టీకా ఏటా వేయించాలి.

అన్నీ ఒకేరోజు పెట్టుకోకండి. మీ చుట్టుపక్కల డయాలసిస్ చేయించుకుంటున్నవాళ్లు ఉండే ఉంటారు. ఆ టీకాలు వేసుకున్న ఒకరిని ఇంటికి పిలిచి, మీరు పక్కకు తప్పుకోండి. ఒప్పుకుంటే పనిలేని రోజు చూసి మొదటి డోసు వేయించండి, అరగంట అక్కడే కూర్చోబెట్టండి. జ్వరమొస్తే మీ డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ చాలు. మందుల షాపులో ఇచ్చే నొప్పి బిళ్లలు మాత్రం వద్దు, ఆయన కిడ్నీలకు టీకా కన్నా అవే ప్రమాదం. డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతిలో రక్తనాళాలను కలిపి ఫిస్టులా చేస్తారు. అది ఏ చేతికి పెట్టాలనుకుంటున్నారో ముందే డాక్టరుగారిని అడిగి, టీకా రెండో చేతికి వేయించండి.